ఓవెన్ కళ్లలో పసుపు

లింగస్వామి గురించి నార్కట్‌పల్లి చౌరస్తాలో చెప్పుకునే మాటల్లో చాలావరకు నిలబడవు. ఆయన ఇంజనీరు అంటారు. కాదు. నల్లగొండలో ఐటీఐలో చేరి, మొదటి సంవత్సరం పరీక్షలు రాయకుండానే బయటికి వచ్చాడు. హైదరాబాదులో పెద్ద టీవీ కంపెనీలో పనిచేశాడంటారు. ఆయన పనిచేసింది కోఠీలో ఒక టీవీల దుకాణంలో, డబ్బాలు దించే పని. మోటారు మోత విని రోగం చెప్పేవాడంటారు. చెప్పేవాడు, నిజమే. చెప్పింది సరైనదేనా అని ఎవరూ విప్పి చూడలేదు. గిట్టనివాళ్లు చెప్పేదీ అబద్ధమే. పాత మోటార్లలోంచి రాగి తీగ లాగి అమ్ముకున్నాడని వాళ్లంటారు. రాగి తీగ దొంగిలించాలంటే ముందు మోటారు విప్పాలి. లింగస్వామి అంత పని ఎన్నడూ చేయలేదు.

అన్నిటికంటే గట్టిగా వినబడే మాట ఇంకొకటి ఉంది. స్వరూప బేకరీలో చచ్చిపోయిన ఓవెన్‌కు ఆయన ప్రాణం పోశాడని. అందులో సగం నిజం. ఆ సగాన్ని మిగతా సగం నుంచి విడదీసి చెప్పక తప్పదు, ఎందుకంటే ఆ మాట కింద నలిగి ఒక మనిషి బతుకుతెరువు పోయింది.

ముందు ఆయనకు దక్కవలసింది ఆయనకు ఇవ్వాలి. పిలిస్తే వచ్చేవాడు. వానలో కూడా వచ్చేవాడు. వచ్చినందుకు డబ్బులు అడిగేవాడు కాదు. ఒక చాయ్, నలుగురి ముందు ‘ఇంజనీర్ సాబ్’ అన్న పిలుపు, ఈ రెండూ చాలు. తడి చేతులతో స్టార్టర్ ముట్టుకోవద్దని రైతులకు చెప్పిన మాట మంచి మాట. చొక్కా జేబులో ఎప్పుడూ ఒక టెస్టరు ఉండేది. ప్లగ్గులో కరెంటు ఉందో లేదో దానితో చూడటం ఆయనకు వచ్చు. వచ్చింది అంతవరకే.

అంతమాత్రం విద్యతో పాతికేళ్లు ఎలా నెట్టుకొచ్చాడన్నది న్యాయమైన ప్రశ్న. రాష్ట్రం రాకముందు ఈ ప్రాంతపు కరెంటే ఆయనను కాపాడింది. ఏ మోటారు కాలినా, ఏ టీవీ ఆగినా లింగస్వామి టెస్టరు తీసి, దాని వైపు విచారంగా చూసి, ‘లో వోల్టేజ్’ అనేవాడు. పదిసార్లలో ఎనిమిదిసార్లు అది నిజమయ్యేది, ఎందుకంటే ఊరంతా లో వోల్టేజే. వానాకాలంలో వాన పడుతుందని చెప్పి జ్యోతిష్కుడనిపించుకున్నట్టు ఆయన ఇంజనీరు అనిపించుకున్నాడు. రాష్ట్రం వచ్చాక కొన్నాళ్లకు కరెంటు కుదుటపడింది. బల్బులు సన్నగా మినుకుమినుకుమనటం మానేశాయి. అందరికీ మేలు జరిగింది. లింగస్వామికి మాత్రం జవాబు పోయింది. అప్పటినుంచి ఆయన వెతుకులాట తీగల మీదినుంచి మనుషుల మీదికి మళ్లింది. ఏ మిషను ఆగినా మొదటి ప్రశ్న ఒకటే: ‘దీన్ని ముట్టిందెవరు?’

స్వరూప బేకరీ అద్దంకి రోడ్డు మొదట్లో, బస్సులు మలుపు తిరిగేచోట ఉంటుంది. నల్లగొండ నుంచి పొద్దున్నే వ్యానులో పఫ్‌లు వస్తాయి. మధ్యాహ్నానికి అవి అట్టముక్కల్లా చల్లబడతాయి. బస్సు ఆగిన అయిదు నిమిషాల్లో దిగి తినేవాళ్లు వేడి పఫ్ ఉన్న దుకాణానికే పోతారు. అందుకని ఒక ఎండాకాలం బేకరీ యజమానురాలు స్వరూప మైక్రోవేవ్ ఓవెన్ కొన్నది. గుండ్రటి మీట తిప్పితే లోపల దీపం వెలిగి, గాజు పళ్లెం తిరిగి, గంట కొడుతుంది. దాన్ని నడిపేది అక్కడ పనిచేసే కోమల. ఆమె భర్త ఇస్రాయేలు లారీ మీద క్లీనరు; నెలలో సగం రోజులు ఇంట ఉండడు. ఇల్లు నడిచేది కోమలకు బేకరీలో వచ్చే జీతం మీద.

ఓవెన్ వచ్చిన కొత్తలో కోమల ఒకసారి స్టీలు గిన్నెలో పాలు పెట్టింది. లోపల మెరుపులు మెరిశాయి. స్వరూప పరుగున వచ్చి ఆపింది, స్టీలు పెట్టకూడదని చెప్పింది. ఓవెన్‌కు ఏమీ కాలేదు. ఆ తరువాత కోమల ఆ దరిదాపులకు స్టీలు చెంచా కూడా రానివ్వలేదు. ఈ సంగతి అందరికీ తెలుసు, లింగస్వామికి కూడా.

దసరా వచ్చింది. ఈ వైపు దసరా నాడు తక్కెడ నుంచి ట్రాక్టరు దాకా అన్నిటికీ పసుపు కుంకుమలు పెట్టి పూజ చేస్తారు. చౌరస్తాలో యంత్రాలకు బొట్టు పెట్టే అధికారం ఎవరూ ఇవ్వకుండానే లింగస్వామి తీసుకున్నాడు. దానికొక పద్ధతి కూడా కల్పించాడు. ప్రతి యంత్రానికీ కళ్లుంటాయి, బొట్టు నుదుట కాదు, కళ్లకు పెట్టాలి. గ్రైండరుకు మరమేకులు కళ్లు, ఫ్రిజ్జుకు పిడి మేకులు కళ్లు. పసుపు ఏడాదంతా రాలకుండా నిలవాలని అందులో ఇంత మైదా కలిపి ముద్ద చేయించేవాడు.

ఓవెన్ ముందు నిలబడి ఆయన కాసేపు ఆలోచించాడు. తలుపు తెరిచాడు. తలుపుకు ఉన్న కొక్కేలు వచ్చి దూరటానికి ఓవెన్ చట్రంలో పక్కన రెండు సన్నటి కంతలు ఉన్నాయి, ఒకటి పైన, ఒకటి కింద.

“గివ్వే దీని కండ్లు,” అని బొటనవేలితో పసుపు ముద్ద తీసి ఒక్కొక్క కంతలో కూరి, పైన కుంకుమ అద్దాడు. “తలుపు మూయకున్రి. తెల్లారేదాక తెరిచే ఉండాలె. లక్ష్మి లోపలికి రావద్దా?”

“ఎలుక రాకుంటే చాలన్నా,” అన్నది స్వరూప.

కోమల ఆ పూజలో లేదు. వాళ్లది చర్చికి పోయే ఇల్లు. పూజ జరిగినంతసేపు ఆమె బయట మెట్లు కడుగుతూ ఉన్నది. ప్రసాదం ఇస్తే నవ్వి, అరటిపండు మాత్రం తీసుకున్నది. అందరూ జమ్మి చెట్టు పూజకు పోయారు. దుకాణం మూతపడింది. ఓవెన్ తెల్లవార్లూ నోరు తెరుచుకొని ఉన్నది.

మరునాడు పొద్దున కోమల పఫ్‌లు పెట్టి, తలుపు నెట్టి, మీట తిప్పింది. దీపం లేదు, మోత లేదు, పళ్లెం కదల్లేదు. ప్లగ్గు తీసి మళ్లీ పెట్టింది. స్వరూప వచ్చి తానూ తిప్పి చూసింది. ఆ తరువాత లింగస్వామికి ఫోను వెళ్లింది.

ఆయన వచ్చేసరికి ముంగిట ఆటో ఆపుకుని మల్లన్న చాయ్ తాగుతున్నాడు. ఇంకో నలుగురు బస్సు కోసం నిలబడి ఉన్నారు. చూసేవాళ్లుంటే లింగస్వామి నడక మారుతుంది. మెల్లగా టెస్టరు తీసి ప్లగ్గులో పెట్టాడు. ఎర్రగా వెలిగింది.

“కరెంటు వస్తాంది. ఇగ రోగం లోపలున్నది.”

“లోపలున్నదని మాకూ తెలుసు సాబ్,” అన్నాడు మల్లన్న. “బాగైతదా, లేకుంటే సల్లటి పఫ్ తినుమంటవా?”

“నువ్వు పైసలియ్యకుండ తినేదే ఉద్దెర పఫ్. నీకు వేడెందుకురా?”

నలుగురూ నవ్వారు. నవ్వు తనకు అనుకూలంగా ఉన్నప్పుడే ముందుకు పోవాలని లింగస్వామికి తెలుసు. తలుపు ఒకసారి తీసి మూశాడు, కాని చూడలేదు. అప్పటికి ఆయన దగ్గర జవాబేమీ లేదు. వెనక్కి తిరిగి, అలవాటైన ప్రశ్న అడిగాడు.

“దీన్ని ముట్టిందెవరు?”

“నేను, కోమల. ఇంకెవరుంటరన్నా?” అన్నది స్వరూప.

“స్టీలు పెట్టినవా పిల్లా?”

“లేదన్నా. గప్పుడెప్పుడో ఒక్కపాలి పెట్టిన, అదీ కొత్తల. అక్క చెప్పినంక మల్ల పెట్టలే.”

ఆ మాటతో లింగస్వామికి దారి దొరికింది. అంతవరకు ఆయనకు ఆ పిల్ల మీద ఏ ద్వేషమూ లేదు, ఏ అనుమానమూ లేదు. ఆ పాత నిజాన్ని ఆమె నలుగురి ముందు తన నోటితోనే చెప్పినందువల్లే ఆయనకు అబద్ధం చేతికి అందింది.

“గదా! ఒక్కపాలి పెట్టినోళ్లు రెండోపాలి పెట్టరా?” అని అందరి వైపు తిరిగాడు. “లోపల ట్రాన్స్‌ఫార్మర్ మాడింది చెల్లె. స్టీలు పెడితే కరెంటు ఎనుకకు తంతది. తన్నిందా, ఇగ అంతే సంగతి.”

కరెంటు వెనక్కి తన్నటమంటే ఏమిటో అక్కడ ఎవరికీ తెలియదు, చెప్పినవాడితో సహా. అయినా నలుగురూ తలలూపారు.

“అక్కా, నా బిడ్డ మీద ఒట్టు,” అన్నది కోమల. గొంతు పెద్దగా చేయలేదు. “నేను పెట్టలే.”

స్వరూప ఇద్దరినీ చూసింది. “నాకు నీ మీద కోపం లేదు కోమలా. అన్న విప్పి చూడనీ. గప్పటిదాక ఇంటికాడ ఉండు. నీ తప్పు లేదంటే నేనే వచ్చి పిలుస్త.”

అంటే, కోమల పని ఉండటం, పోవటం ఇక లింగస్వామి చెప్పబోయే ఒక్క మాట మీద ఉన్నది. ఆ సంగతి ఆయనకు ఆ క్షణానే తెలుసు. ఓవెన్‌ను మల్లన్న ఆటోలో పెట్టించుకొని, రోగిని దవాఖానకు తోలుకపోతున్నవాడిలా పక్కనే కూర్చొని ఇంటికి తీసుకుపోయాడు.

ఇంట్లో దాన్ని వరండాలో బల్ల మీద పెట్టి, స్క్రూడ్రైవరు పట్టుకొని చాలాసేపు చుట్టూ తిరిగాడు. విప్పలేదు. ప్లగ్గు తీసినా లోపల షాకు నిలిచి ఉంటుందని ఎవరో చెప్పగా విన్నాడు. ఆయన విన్నవాటిలో నిజమైనది అదొకటి. అది ఆయన చేతులను కట్టేసింది. చేసేదిలేక తలుపు తీశాడు, మూశాడు. తలుపు పూర్తిగా అతకటం లేదు. గోరు పట్టేంత సందు మిగులుతున్నది. వంగి చూశాడు. రెండు కంతల్లోనూ ఎండిన పసుపు, గచ్చులా గట్టిపడి, మధ్యలో తన బొటనవేలి అచ్చుతో సహా కనిపించింది.

తలుపు సరిగ్గా పడితేనే లోపలి స్విచ్చు నొక్కుకొని ఓవెన్ నడుస్తుందని అర్థం చేసుకోవటానికి ఆయన చదివిన సగం చదువు చాలు. చీపురు పుల్ల తీసి గీకాడు. పసుపు పెచ్చులుగా రాలింది. ఈసారి తలుపు ‘టక్’ మని పడింది. ప్లగ్గు పెట్టి మీట తిప్పగానే దీపం వెలిగింది, పళ్లెం తిరిగింది.

గుమ్మంలో నిలబడి భార్య బిక్షమ్మ అంతా చూసింది.

“పసుపేనా? మొన్న నువ్వు పెట్టిందేనా?”

“ఊకో.”

“ఊకుంట గని, గా పిల్లను ఇంటికి తోలిండ్రంట గదా. పొయ్యి చెప్పు. పసుపు వట్టిందని చెప్తే నీదేం పోతది?”

బిక్షమ్మ అడిగిన ప్రశ్నకు నిజమైన జవాబు ‘ఏమీ పోదు’ అన్నదే. నలుగురు నవ్వేవారు, మల్లన్న ఒక వారం ఆడుకునేవాడు, తరువాత మరిచిపోయేవారు. లింగస్వామి ఒకవైపు ఆ నవ్వును, ఒకవైపు ఆ పిల్ల కూడును పెట్టి తూచాడు. నవ్వే బరువనిపించింది.

“ఆడోళ్లకు మిషిన్ల సంగతి తెల్వదు,” అన్నాడు.

బాగైన ఓవెన్‌ను వెంటనే తిరిగి ఇవ్వలేదు. వెంటనే ఇస్తే పని చిన్నదనుకుంటారు. వరండాలో దాని మీద దుప్పటి కప్పి ఉంచి, దారిన పోయేవాళ్లు అడిగితే ‘పార్టు హైదరాబాదు నుంచి రావాలె’ అన్నాడు. ఆ రోజులన్నీ స్వరూప చల్లటి పఫ్‌లు అమ్మింది, కోమల ఇంట్లో కబురు కోసం కూర్చున్నది.

చివరికి ఒక సాయంత్రం ఓవెన్ వచ్చింది. అందరి ముందూ మీట తిప్పి చూపించాడు. చాయ్ చేతికిస్తూ స్వరూప గొంతు తగ్గించి అడిగింది.

“నిజంగ స్టీలేనా అన్నా? బిడ్డ మీద ఒట్టు వెట్టుకున్నది. జర ఆలోచించి చెప్పు. నీ మాట మీదనే పిలిచేదీ లేందీ.”

ఇంతకంటే తేటగా ఎవరూ అడగలేరు. నిజం చెప్పటానికి ఆ గ్లాసులో చాయ్ అయిపోయేంత సమయం ఆయనకు దొరికింది. సగం తాగి, పెదవులు తుడుచుకొని చెప్పాడు.

“మాడిన తీగ నా కండ్లతోటి చూసిన చెల్లె. ఇగ నీ ఇష్టం.”

కోమలకు పిలుపు పోలేదు. ఇక్కడ స్వరూప తప్పు కూడా చెప్పాలి. మాడిన ఆ తీగ ఏదో చూపించమని ఆమె అడగలేదు. అడిగి ఉంటే ఆయన దగ్గర చూపటానికి ఏమీ ఉండేది కాదు. అడగకపోవటం అలసత్వం. ఆయన చెప్పింది అబద్ధం. రెండూ ఒకటి కావు.

చౌరస్తాలో మాట తొందరగా పాకుతుంది. మిషను కాలబెట్టిన పిల్ల అని పేరు పడ్డాక హైవే పక్కన ఏ హోటలూ కోమలను పనిలో పెట్టుకోలేదు. ఆమె బత్తాయి తోటల్లో కూలికి పోయింది. తోటలో పని ఉన్న రోజు ఉంటుంది, లేని రోజు లేదు. లింగస్వామి పేరు మాత్రం పెరిగింది. చిట్యాల నుంచి కూడా మిక్సీలు తెచ్చి చూపించేవారు. సాయంత్రం పూట బేకరీలో ఆయనకు స్వరూప ఒక పఫ్, ఆ ఓవెన్‌లోనే వేడి చేసి, ఊరికే ఇచ్చేది. ఆయన తినేవాడు. ఒక్కనాడు కూడా గొంతుకు అడ్డుపడలేదు.

మళ్లీ దసరా వచ్చింది. ఈసారి ఎలాగైనా తప్పించుకుందామనుకున్నాడు గాని, స్వరూప నలుగురి ముందు పసుపు పళ్లెం చేతిలో పెట్టింది. వేలికొనతో అంటీ అంటనట్టు అద్దబోయాడు.

“ఏంది సాబ్, పోయినేడు కండ్లనిండ పెట్టినవ్,” అన్నాడు మల్లన్న. “ఈ ఏడు ఓవెన్ మీద అలిగినవా?”

మిగతావాళ్లు ఇటు చూశారు. లింగస్వామి బొటనవేలు మళ్లీ ముద్దలో దిగింది. రెండు కంతలూ మళ్లీ నిండాయి. తెల్లవారకముందే వచ్చి గీకేద్దాం, స్వరూప దగ్గర ఏదో ఒక సాకు చెప్పి తాళం తీయిద్దాం అని మనసులో అనుకున్నాడు. పండుగ పూట తాగిన మందు ఆ పని చేయనివ్వలేదు. నిద్ర లేచేసరికి పొద్దు బాగా ఎక్కింది, ఫోను మోగుతున్నది.

బేకరీకి వచ్చేసరికి స్వరూప ఓవెన్ పక్కన చేతులు కట్టుకొని నిలబడి ఉన్నది. మల్లన్న తన చోట తాను ఉన్నాడు.

“దా అన్నా. పోయినేటి లెక్కనే. దీపం లేదు, సప్పుడు లేదు.”

“ఇంటికి తీస్కపోయి చూస్త.”

“వద్దు. గీడనే చూడు.”

ఆయన టెస్టరు తీసి ప్లగ్గులో పెట్టాడు. వెలిగింది. ఆయన దాన్ని బయటికి తీసేదాకా ఆగి స్వరూప అడిగింది.

“కోమల వొయ్యి ఏడాదాయె. ఈ పాలి స్టీలు గిన్నె పెట్టిందెవరన్నా?”

లింగస్వామి ఓవెన్ వైపు చూశాడు, రోడ్డు వైపు చూశాడు.

“ఎలుకలుంటయి చెల్లె. తీగ కొరికితే గిట్లనే అయితది.”

“ఎలుక స్టీలు గిన్నె పట్టుకొచ్చిందా సాబ్?” అన్నాడు మల్లన్న.

స్వరూప తలుపు తీసి మూసింది. మూతపడని సందులో వేలు పెట్టి చూసింది. మళ్లీ తీసి, కంతలో వేలు దూర్చి బయటికి తీసింది. వేలికొన పచ్చగా ఉంది.

“గిదేంది?”

“పసుపు.”

“ఎవరు పెట్టిండ్రు?”

“పసుపు మంచిదే చెల్లె. పసుపుతోటి ఏం గాదు.”

ఆమె మెడలోని పుస్తెల తాడుకు గుచ్చుకున్న పిన్నీసు తీసింది. పై కంత, కింది కంత గీకింది. పసుపు పెచ్చులు గల్లా బల్ల మీద రాలాయి. తలుపు ‘టక్’ మన్నది. మీట తిప్పగానే పళ్లెం తిరగసాగింది. గంట కొట్టింది.

“పోయినేడు గూడ గిదేనా అన్నా?”

అది ఆయనకు దొరికిన చివరి అవకాశం; అడిగిన తీరులో ఇంకా ‘అన్నా’ మిగిలే ఉంది. లింగస్వామి టెస్టరు జేబులో పెట్టుకున్నాడు.

“పోయినేడు వేరే,” అని మెట్లు దిగాడు.

వేరే కాదన్న సంగతి బిక్షమ్మ చెప్పింది. స్వరూప అదే రోజు ఆయన ఇంటికి పోయి అడిగితే, ఆమె చాట పక్కన పెట్టి, దాచకుండా చెప్పింది: “పసుపే. నా ముందటనే గీకిండు. పొయ్యి చెప్పుమని నేను ఆనాడే అన్న. నా మాట ఎవరింటరు?”

స్వరూప తోటకు పోయి కోమలను కలిసింది. జరిగిందంతా చెప్పి, తనదీ తప్పేనని ఒప్పుకొని, రేపటినుంచే పనికి రమ్మని అడిగింది. కోమల బత్తాయి తట్ట దించి, కొంగుతో ముఖం తుడుచుకున్నది.

“వస్తనక్కా. నీ మీద నాకేం లేదు. గని నన్ను నలుగురి ముందట అన్నడు. గదే జాగల, గా నలుగురి ముందట, నేను గాదు తనే అని చెప్పమను. చెప్పిన తెల్లారే వస్త.”

“చెప్పకుంటే?”

“చెప్పకుంటే నేను మిషిన్ కాలబెట్టిన దాన్నే గదక్కా చౌరస్తల. గట్ల వచ్చి నీ గల్లా కాడ ఎట్ల నిలబడాలె?”

ఆమె అడిగింది ఎక్కువ కాదు. ఒక్క వాక్యం. ఆ కబురు లింగస్వామికి చేరింది, మల్లన్నే మోసుకుపోయాడు. “గా పిల్ల ముందట నేను చేతులు కట్టుకొని నిలబడాల్నా?” అన్నాడట. ఆ మరునాటినుంచి ఆయన చాయ్ తాగటం రోడ్డుకు అవతలి హోటల్లో. జేబులో టెస్టరు అలాగే ఉన్నది. అవతలి హోటల్లో కూడా ఆయనను ఇంజనీర్ సాబ్ అనే పిలుస్తారు.

స్వరూప దసరాకు ఓవెన్ మీద దూరం నుంచి నాలుగు అక్షింతలు చల్లి ఊరుకుంటుంది. కోమల ఇంకా తోటల్లోనే కూలి చేస్తున్నది. ఆ ఒక్క వాక్యం ఇంతవరకు ఎవరూ ఆ గల్లా దగ్గర నిలబడి చెప్పలేదు.

కాబట్టి లింగస్వామి ఇంజనీరు కాడు, దొంగా కాడు, ఓవెన్‌కు ప్రాణం పోసినవాడూ కాడు. ఆయన తన వేలితో పసుపు కూరి ఓవెన్‌ను ఆపాడు. ఎందుకు ఆగిందో కళ్లారా చూశాడు. చీపురు పుల్లతో గీకి నడిపించాడు. అంతా తెలిసి, అడిగిన మనిషికి అబద్ధం చెప్పి, కోమల పని పోగొట్టాడు. బయటపడ్డాక కూడా ఆ అబద్ధాన్ని వెనక్కి తీసుకోలేదు. ఆయన చేసింది ఇది.